భిలాయి తెలుగిళ్లలో బేరిపండు టార్ట్

భిలాయి తెలుగువాళ్లకి ఓవెన్ వంట ఎవరు నేర్పారంటే చాలామంది రష్యన్ల పేరు చెబుతారు. నేను ఒప్పుకోను. ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరిన మాట నిజం. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. రష్యన్ ఇంజనీర్లూ వచ్చారు. వాళ్లిళ్లలో యాపిలో క్యాబేజీయో కూరి కాల్చే పిరోగ్ ఉండే ఉంటుంది. కానీ ప్లాంటులో ఖలాసీగా చేరిన శ్రీకాకుళం మనిషి పెళ్లానికి ఆ వంటింట్లో అడుగుపెట్టే పనేముంటుంది?

మావాళ్లు 1931లో పూర్తయిన విజయనగరం-రాయపూర్ రైలుదారిలో వచ్చినవాళ్లు. ట్రంకుపెట్టెలో బట్టలతో పాటు కజ్జికాయల చెక్క తెచ్చుకున్నారు. మా ఇంట్లో టార్ట్ అక్కణ్ణుంచే పుట్టింది. ఇక్కడి ఛత్తీస్‌గఢీ ఇళ్లలోనూ పండగలకి ఠేఠ్రీ, ఖుర్మీలతో పాటు కుస్లీ చేస్తారు. అదీ మన కజ్జికాయే. పిండి వత్తి, లోపల తీపి కూరి, అంచు మడిచే విద్య ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇక పండు. కనిష్కుడి కాలంలో చైనా నుంచి బందీలుగా వచ్చినవాళ్లు బేరినీ పీచ్‌నీ మన దేశానికి తెచ్చారని 7వ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ రాశాడు. ఇంగ్లండు రకాలు ఆలస్యంగా వచ్చాయి. 1870లో కెప్టెన్ లీ అనే ఆయన కులూ లోయలోని బంద్రోల్‌లో వాటితో తోట వేశాడు. ఇప్పుడు మా ఛత్తీస్‌గఢ్‌లోనే జశ్‌పూర్ కొండల్లోనూ బేరి కాస్తోంది. వానాకాలం రాగానే మేము ఇప్పుడుండే ఉతై బజార్లో బేరికాయల్ని నాస్‌పాతీ పేరుతో కుప్పలు పోస్తారు. బబ్బూగోశా అని అమ్మే మెత్తటి రకం నోట్లో కరిగిపోతుంది గానీ పొయ్యి ఎక్కితే జావే. పంటికింద కరకరలాడే నాక్ రకమే టార్ట్‌కి పనికొస్తుంది. చవక కూడా.

అమ్మ మొదట్లో బొగ్గుల కుంపటి మీద, మూతపైన కూడా నిప్పులు వేసి కాల్చేది. తర్వాత గాజుకన్ను మూతతో గుండ్రటి అల్యూమినియం ఓవెన్ వచ్చింది. ఓవెన్ కన్నా పెద్ద చిక్కు పిండిదే. కజ్జికాయకి వేడి నెయ్యి పోసి కలుపుతాం. టార్ట్‌కి అది పనికిరాదు. గడ్డకట్టిన డాల్డా ముక్కల్ని మైదాలో వేళ్ల కొసలతో నలిపి, చల్లటి నీళ్లు చిలకరించి, ఎక్కువ మర్దించకుండా ముద్ద చేయాలి. అప్పుడే పొరలుపొరలుగా విడుతుంది. మే నెల ఎండకి డాల్డా డబ్బాలోనే నూనెలా అయిపోయేది. వానలు పడ్డాక కుండలో నీళ్లూ చల్లగా ఉండేవి, పండూ అప్పుడే వచ్చేది.

కాయల చెక్కు తీసి, పల్చగా కోసి, బెల్లం, రెండు లవంగాలు, కాస్త నిమ్మరసం వేసి మూత పెట్టకుండా మగ్గనివ్వాలి. నీరు బాగా ఇగరాలి. అయినా కాలేటప్పుడు ఇంకాస్త రసం ఊరుతుంది, అడుగు పచ్చిగా ఉండిపోతుంది. దానికి అమ్మ కజ్జికాయ ఉపాయమే వాడింది: వేయించిన బొంబాయిరవ్వ అడుగున చల్లి, పైన పండు పరిచేది. రసమంతా రవ్వ పీల్చేసుకునేది. మా నాన్న మాత్రం చివరిదాకా దాన్ని పెద్ద కజ్జికాయ అనే అన్నాడు. కజ్జికాయలు పదిహేను రోజులుంటాయి, ఇది మర్నాటికి మెత్తబడిపోతుంది. అదొక్కటే ఆయన ఫిర్యాదు.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, చాలామందిలాగే మేమూ టౌన్‌షిప్ బయట ఇల్లు చూసుకుని ఉతై చేరాం. సీఐఎస్ఎఫ్ శిక్షణ కేంద్రం ఉన్న ఊరు, బేకరీలకి కొదవలేదు. పైనాపిల్ పేస్ట్రీ ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది, బేరిపండు టార్ట్ మాత్రం దొరకదు. కావాలంటే శ్రావణంలో మీరే చేసుకోండి. కొనేటప్పుడు తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా తగిలిందా, ఆ కాయ తినడానికి ఉంచుకుని గట్టిది ఏరుకోండి.