కోవిడ్ వ్యాధి: రక్తపరీక్షా సూచకములు

కోవిడ్-19 సోకిన రోగి రక్తమునందు వైరసును వెదకుటకు గాక, దానితో శరీరము సాగించు పోరాటమువలన కలిగిన మార్పులను కొలిచి, వ్యాధితీవ్రతను అంచనా కట్టుటకు తోడ్పడు కొలతలను సూచకములందురు. వ్యాధి యున్నదో లేదో తేల్చుట వీనిపని కాదు. అందులకు ముక్కు, గొంతు స్రావములపై జరుపు ఆర్.టి.పి.సి.ఆర్. వంటి పరీక్షలు వేఱుగా కలవు.

వీనిలో ప్రజల నోట మిక్కిలి నానినది సి.ఆర్.పి. (సి-రియాక్టివ్ ప్రోటీన్). 1930లో రాక్‌ఫెల్లర్ సంస్థయందు టిల్లెట్, ఫ్రాన్సిస్ అను శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తరసమున దీనిని కనుగొనిరి. న్యూమోకాకస్ సూక్ష్మజీవియందలి ‘సి’ పదార్థముతో కలిసి మడ్డిగా దిగుటచే దీనికా పేరు వచ్చినది. ఇంటర్‌ల్యూకిన్-6 అను సంకేతపదార్థపు ప్రేరణచే కాలేయము దీనిని తయారుచేయును. ఆరోగ్యవంతులలో సాధారణముగా లీటరుకు 10 మిల్లీగ్రాములకు లోబడియుండు నిది, తీవ్రవ్యాధిలో నూరు దాటుటయు కలదు. బ్రిటనులో జరిగిన రికవరీ ప్రయోగమున టోసిలిజుమాబ్ ఔషధమునకు రోగులను ఎన్నుకొనునపుడు, ఆక్సిజన్ లోపముతోపాటు సి.ఆర్.పి. 75కు తగ్గకుండుటను గీటురాయిగా గైకొనిరి. అయినను ఊపిరితిత్తులు వాచినను, కాలిపుండు చీముపట్టినను ఇది పెరుగును; నిప్పున్నదని చెప్పునే కాని, ఏ యింట నున్నదో చెప్పదు.

డి-డైమరు రక్తపుగడ్డలోని ఫైబ్రిన్ కరగునపుడు వెలువడు తునుక. వూహాన్ నగరమందలి రెండు ఆసుపత్రుల 191 మంది రోగులను గూర్చి 2020 మార్చిలో లాన్సెట్ పత్రిక ప్రకటించిన పరిశీలనలో, చేరిననాటికే ఇది మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము మించినవారికి ప్రాణాపాయము హెచ్చని తేలెను. గర్భిణులయందును వృద్ధులయందును ఈ వ్యాధి లేకయే ఇది పెరుగవచ్చును. దీనికై రక్తమును నీలిమూత గొట్టమున తీయుదురు. అందలి సిట్రేటు ఒక పాలునకు రక్తము తొమ్మిది పాళ్లు ఉండవలెను గనుక, గీతవఱకు నిండని గొట్టమును ప్రయోగశాలవారు త్రిప్పిపంపుట పరిపాటి.

లింఫోసైటులు తగ్గుటయు, ఫెరిటిన్, ఎల్.డి.హెచ్. (లాక్టేట్ డీహైడ్రోజినేస్) పెరుగుటయు తీవ్రతకే చిహ్నములు. ప్రోకాల్సిటోనిన్ మిక్కిలి పెరిగినచో బాక్టీరియా తోడైనదేమో యని అనుమానింతురు. డెక్సామెథసోన్ వాడిన పిదప తెల్లకణములు పెరుగుట మందు గుణమే కావచ్చును, అంతమాత్రమున బెదరరాదు.

2021 వేసవిలో తెలుగునాట జ్వరము తగ్గినవారు సైతము “బావా, నీ డి-డైమరెంత?” అని ఫోనులలో అడుగుకొనిరి. కాని ఆ పోలిక నిలువదు. ఒకే రక్తమునకు ఒక ప్రయోగశాల 500 అనియు, వేఱొకటి 250 అనియు వ్రాయవచ్చును. మొదటిది ఫైబ్రినోజన్ తుల్యమానమున, రెండవది డి-డైమరు మానమున లెక్కించినది. సి.ఆర్.పి.ని లీటరుకు చెప్పుటకును, డెసిలీటరుకు చెప్పుటకును పదిరెట్లు భేదము. కావున రిపోర్టు చేతికి వచ్చినపుడు, అంకెకంటె ముందుగా దాని ప్రక్కనున్న మానమును చదువవలెను.