దారి విడిచిన చక్రాలు

ఒక మనిషిని గురించి ‘దారి తప్పాడు’ అని మనం అంటే అది నింద. ‘దారికి వచ్చాడు’ అంటే బుద్ధి తెచ్చుకున్నాడని అర్థం. పిల్లవాణ్ణి దారిలో పెట్టమని తల్లిదండ్రులు మాబోటి ఉపాధ్యాయులకు అప్పగించేవారు. మన భాషలో దారికి నీతితో అంతటి చుట్టరికం. కాబట్టే ‘ఆఫ్‌రోడ్’ అన్న ఆంగ్లపదానికి సరైన తెలుగు మాట దొరకడం కష్టం. దారి విడవడమే ఒక వేడుకగా, ఒక విద్యగా, లక్షలమంది మోటారు సైకిలు రౌతులకు ఆదివారపు వ్యసనంగా మారిన వైనం ఆ పదంలో ఉంది. ఆ వైనాన్ని అమెరికా పడమటి ఎడారుల చరిత్రలో వెదకడమే ఈ టపా ఉద్దేశం. చదవగా చదవగా నాకు తోచినది ఒక్కటే: దారి విడవాలంటే ముందు దారి ఉండాలి. ఈ చిన్న సంగతిలోనే ఆ చరిత్ర సగం ఇమిడి ఉంది.

1903 మే 16వ తేదీ మధ్యాహ్నం జార్జి వైమన్ అనే యువకుడు సాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరాడు. గమ్యం న్యూయార్కు. అతడి వాహనం పేరు ‘కాలిఫోర్నియా’. మోటారు సైకిలు అంటున్నాము గానీ, నిజానికి అది చిన్న ఇంజను బిగించిన సైకిలు. దాని బలం ఒకటింబావు అశ్వశక్తి. ఇంజను తిరుగుడును చక్రానికి అందించేది ఒక తోలుపట్టా. అది జారినా తెగినా తొక్కడానికి పెడళ్ళు ఉండనే ఉన్నాయి. పనిముట్లు, నూనె డబ్బాలు, ఒక కెమెరా, ఒక రివాల్వరు అతడి వెంట ఉన్న సరంజామా.

సియెరా నెవాడా పర్వతాలు దాటి నెవాడా ఎడారిలోకి దిగేసరికి వైమన్‌కు రోడ్డు కరువయింది. ఉన్న బండ్లబాటలు మెత్తని ఇసుక. సన్నని టైర్లు అందులో దిగబడతాయి. అందుకని అతడు రైలుపట్టాలను ఆశ్రయించాడు. పట్టాల కింద పరచిన కొయ్య దిమ్మల మీద, దిమ్మ దిమ్మకూ ఒక కుదుపు చొప్పున, మైళ్ళకు మైళ్ళు నడిపించాడు. నీళ్ళకూ తిండికీ ఆ దారిలోని రైల్వే స్టేషన్లే దిక్కు. ఎక్కడ చూసినా దారి లేని ఆ ప్రదేశంలో మనిషి వేసిన గట్టి నేల అదొక్కటే కదా!

చివరకు న్యూయార్కు రాష్ట్రంలో ఇంజను పూర్తిగా మొరాయించింది. చివరి నూటయాభై మైళ్ళు వైమన్ సైకిలు తొక్కినట్లే తొక్కి జూలై 6న నగరం చేరాడు. ఇంజనున్న వాహనంతో అమెరికా ఖండాన్ని ఒక అంచు నుంచి మరొక అంచుకు దాటిన మొదటి మనిషి అతడే. హొరేషియో నెల్సన్ జాక్సన్ తన మోటారుకారులో అదే నగరం చేరింది జూలై 26న, అంటే ఇరవై రోజుల తరువాత. అయినా కీర్తి ఎక్కువగా కారుకే దక్కింది. బక్కవాడి గెలుపు బాకాలకు ఎక్కదని లోకంలో అనుభవమే.

వైమన్‌ను ‘ఆఫ్‌రోడ్’ వీరుడని ఇప్పుడు పిలిచేవారున్నారు. ఆ మాట వింటే అతడు విస్తుపోయేవాడేమో! యాభై రోజులపాటు అతడు వెదకినది దారినే. ఎడారి అతడికి అందమైన దృశ్యం కాదు, అడ్డంకి.

పదమూడేళ్ళ తరువాత, 1916లో, ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఇదే ప్రయాణాన్ని తూర్పు నుంచి పడమటికి సాగించారు. ఆగస్టా వాన్ బ్యూరెన్, ఆడెలీన్ వాన్ బ్యూరెన్. ఇద్దరికీ చెరొక ‘ఇండియన్ పవర్ ప్లస్’ మోటారు సైకిలు. ఐరోపాలో మహాయుద్ధం నడుస్తున్న రోజులవి. అమెరికా కూడా యుద్ధంలో దిగితే సైన్యంలో వార్తాహరులుగా స్త్రీలు మోటారు సైకిళ్ళు నడపగలరని నిరూపించడం వారి సంకల్పం. జూలై మొదటివారంలో బ్రూక్లిన్‌లో బయలుదేరారు. షికాగో దాటిన తరువాత ఒక చిన్న ఊళ్ళో పోలీసులు వారిని నిలిపివేశారు. కారణం వేగమూ కాదు, ప్రమాదమూ కాదు. వారు ధరించిన తోలు లాగులు పురుషుల దుస్తులట! తరువాత కొలరాడోలో పద్నాలుగువేల అడుగులకు మించిన పైక్స్ శిఖరం మీదికి బండ్లను ఎక్కించారు. యంత్రవాహనం నడుపుకుంటూ ఆ శిఖరం చేరిన మొదటి స్త్రీలు వారే.

అసలు పరీక్ష సాల్ట్‌లేక్ నగరానికి పడమట ఎదురయింది. లింకన్ రహదారి అని 1913లో ఘనంగా నామకరణం చేశారు గానీ ఆ ఎడారిలో అది చాలాచోట్ల పటం మీది గీత మాత్రమే. సోదరీమణులిద్దరూ బాట కోల్పోయారు. నీళ్ళు అయిపోయాయి. ఆ స్థితిలో ఒక ఖనిజాన్వేషకుడు సరకుల బండితో అటు రావడం, నీళ్ళిచ్చి దారి చూపడం జరిగింది. లేకుంటే కథ అక్కడే ముగిసేది. సెప్టెంబరులో వారు కాలిఫోర్నియా తీరం చేరారు. ఇంతా చేసి, వార్తాహరి ఉద్యోగానికి ఆడెలీన్ పెట్టుకున్న దరఖాస్తును సైన్యం తిరస్కరించింది. దేశమంతటా స్త్రీలకు ఓటుహక్కు వచ్చింది 1920లో. ఆడెలీన్ తరువాత న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నది. ఆగస్టా విమానం నడపడం నేర్చుకున్నది. నేల మీద దారి ఇవ్వనప్పుడు ఆకాశం వైపు చూడడం ఆమెకే చెల్లింది.

వీరెవరూ దారిని కావాలని విడువలేదు. ఆ తరం మోరెత్తి ఎదురుచూసిన తారురోడ్డు క్రమంగా రానే వచ్చింది. షికాగో నుంచి లాస్ ఏంజిలిస్ వరకు 1926లో గుర్తింపు పొందిన 66వ నంబరు రహదారి 1938 నాటికి ఆ కొస నుంచి ఈ కొస దాకా గట్టిపడింది. మొహావీ ఎడారి నడుమ నుంచి కార్లు బారులు తీరాయి. మండే ఎండలో ప్రాణాలకు వెరచి దాటవలసిన చోటు కిటికీలో నుంచి చూసే దృశ్యమయింది. మొహావీలో చూడదగినవి లేకపోలేదు. చేతులు చాచి నిలబడ్డ మునుల్లాంటి జాషువా చెట్లు, ఎండిపోయి అద్దంలా మెరిసే సరస్సుల అడుగులు, ఆరువందల అడుగులకు పైగా లేచి, ఇసుక జారినప్పుడు గంభీరంగా మ్రోగే కెల్సో దిబ్బలు ఉన్నాయి. రోడ్డు అంచున ఆగి వాటిని చూచినవారికి కలిగే కోరిక ఏమిటో వేరే చెప్పాలా? ఆ అంచు దాటాలని.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత దక్షిణ కాలిఫోర్నియా యువకులు ఆ అంచును దాటారు. వారి మోటారు సైకిళ్ళు మొదట్లో బరువైనవి. హోండా సంస్థ 1959లో అమెరికాలో అడుగుపెట్టింది. తన 250 సీసీ స్క్రాంబ్లర్ బండి ఎంత గట్టిదో చూపించాలని ఆ సంస్థకు ఆశ. 1962 మార్చిలో డేవ్ ఎకిన్స్, బిల్ రాబర్ట్‌సన్ అనే ఇద్దరు రౌతులు అటువంటి బండ్ల మీద మెక్సికోలోని టిహువానా నుంచి బాహా ద్వీపకల్పం దక్షిణాన ఉన్న లా పాజ్ వరకు దూకారు. తొమ్మిదివందల మైళ్ళకు పైబడిన దూరం. అందులో చాలాభాగం రాళ్ళు, ఇసుక, ముళ్ళమొక్కలు. ఎకిన్స్‌కు పట్టిన కాలం నలభై గంటలకు కొద్ది నిమిషాలు తక్కువ. సాక్ష్యం ఏమిటంటే రెండు ఊళ్ళ టెలిగ్రాఫు ఆఫీసుల ముద్రలు! బయలుదేరేముందు ఒక తంతి, చేరిన తరువాత ఒక తంతి. (ఈ ఎకిన్స్ అన్న బడ్ ఎకిన్స్. ‘ది గ్రేట్ ఎస్కేప్’ చిత్రంలో ముళ్ళకంచె మీదుగా మోటారు సైకిలును గెంతించినది ఆయనే.) 1967లో అదే దారిలో పందెం మొదలయింది. కొన్నేళ్ళకు ‘బాహా 1000’గా అది లోకప్రసిద్ధమయింది. ఆ ద్వీపకల్పం పొడుగునా తారురోడ్డు పూర్తయినది మాత్రం 1973లో.

వైమన్‌కూ ఎకిన్స్‌కూ తేడా ఇక్కడుంది. మొదటివాడు దారి లేక బాధపడ్డాడు. రెండవవాడు దారి లేదని తెలిసి, అందుకోసమే వెళ్ళాడు.

ఇందులో సుఖమేమిటని మీరడగవచ్చు. కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు మొదటిసారి ఇసుకలో బండి నడిపిన అనుభవాన్ని నాకు వ్రాశాడు. తారురోడ్డు మీద పదేళ్ళుగా నేర్చినదంతా ఇసుకలో తలకిందులయిందట. రోడ్డు మీద భయం వేస్తే వేగం తగ్గిస్తాము. ఇసుకలో వేగం తగ్గిస్తే ముందుచక్రం దిగబడి, మెలిక తిరిగి, రౌతు నేలపాలవుతాడు. బండి తొణికితే రోడ్డు మీద హ్యాండిలును బిగించి పట్టుకుంటాము. ఇసుకలో పట్టు సడలించి, కింద దాని దారిన దాన్ని కదలనివ్వాలి. టైర్లలో గాలి కొంత తీసివేస్తే అవి వెడల్పుగా పరచుకొని ఇసుక మీద తేలుతాయి. కూర్చోక కాలిమెట్ల మీద నిలబడాలి. బరువు కాస్త వెనక్కు వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, చూపు ముందుచక్రం మీద కాక దూరాన ఉండాలి. చక్రాన్ని చూస్తే పడతావు, పోవలసిన చోటును చూస్తే పోతావు అని నేర్పినవారు చెప్పారట. మొదటిపూట ఏడుసార్లు పడ్డాననీ, సాయంకాలానికి బండి తనంత తాను నడుస్తున్నట్లు తోచిన ఒక అయిదు నిమిషాలు దొరికాయనీ, ఆ అయిదు నిమిషాల కోసమే మళ్ళీ వెళ్తున్నాననీ అతడు వ్రాశాడు. ఛందస్సు నేర్చుకునేవాడికి గణాలు లెక్కపెట్టడం మాని పద్యం నడక వినబడే క్షణం ఒకటుంటుంది. అతడి మాట నాకు అలాగే అర్థమయింది.

అయితే ఆ అయిదు నిమిషాలకు నేల ఏమి చెల్లిస్తున్నదన్నది వేరే ప్రశ్న. మొహావీలో ‘హేర్ అండ్ హౌండ్’ అనే పందేలు జరిగేవి. రోడ్డు లేదు గనుక దూరాన టైర్లు తగలబెట్టి పొగ లేపేవారు. వందలాది రౌతులు ఒకే వరుసలో నిలబడి, జెండా పడగానే ఆ పొగ వైపు ఒక్కుమ్మడిగా దూకేవారు. వీటిలో పేరుమోసినది బార్‌స్టో నుంచి లాస్ వేగాస్ వరకు 1967లో మొదలయిన పందెం. 1974 నాటికి అందులో పాల్గొన్నవారు సుమారు మూడువేలమంది. ఆ భూమి ప్రభుత్వానిది. దాన్ని చూసుకునే భూయాజమాన్య శాఖ వారు ఆ ఏడు పందేనికి ముందూ వెనుకా నేలనూ మొక్కలనూ చిన్న జంతువులనూ పరిశీలించి, జరిగిన నష్టాన్ని లెక్కగట్టి, మరుసటి ఏడు అనుమతి నిరాకరించారు.

పైకి చూస్తే ఎడారిలో చెడేది ఏముందనిపిస్తుంది. కానీ చాలాచోట్ల ఇసుక మీద సన్నని పొర ఒకటి ఉంటుంది. కంటికి ఆనని సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు అల్లుకొని కట్టిన పొర అది. గాలికి మట్టి లేవకుండా పట్టి ఉంచేది, చినుకు తడిని నిలిపేది అదే. ఒక చక్రం పోతే అది పగులుతుంది. మళ్ళీ కట్టుకోవడానికి దశాబ్దాలు, కొన్నిచోట్ల శతాబ్దాలు పడుతుంది. సైనికుల శిక్షణ కోసం జనరల్ ప్యాటన్ 1942లో ఈ ఎడారిలోనే పెద్ద స్థావరం నెలకొల్పాడు. 1944లో అది మూతపడింది. నాటి ట్యాంకుల జాడలు ఇప్పటికీ కొన్నిచోట్ల కనబడుతూనే ఉన్నాయి. ఇక ఎడారి తాబేలు బ్రతుకులో అత్యధికభాగం నేలలోని బొరియలలోనే గడుస్తుంది. దాని ఇంటి కప్పు మీదుగా మన వినోదం పోతున్నదన్నమాట. జాన్సన్ వాలీ అనే ప్రసిద్ధ ఆఫ్‌రోడ్ మైదానం చేరువలోనే క్రియోసోట్ పొదల వలయం ఒకటుంది. ఒకే మూలం నుంచి చుట్టూ విస్తరిస్తూ వచ్చిన దాని వయస్సు సుమారు 11,700 సంవత్సరాలని అంచనా. మన కావ్యాలు, శాసనాలు, లిపులు ఏవీ పుట్టకముందు మొలకెత్తిన మొక్క!

చట్టం మెల్లగా కదిలింది. ప్రభుత్వ భూములలో ఇటువంటి వాహనాలకు హద్దులు ఏర్పరచమని అధ్యక్షుడు నిక్సన్ 1972లో ఉత్తర్వు ఇచ్చాడు. హాని జరుగుతున్న చోట్లను వెంటనే మూసివేసే అధికారాన్ని 1977లో కార్టర్ జోడించాడు. బార్‌స్టో పందెం 1983లో అనుమతితో తిరిగి మొదలై, 1989 తరువాత శాశ్వతంగా ఆగిపోయింది. ఎడారి తాబేలు 1990లో ప్రమాదంలో ఉన్న ప్రాణుల జాబితాకు ఎక్కింది. 1994లో సుమారు పదహారు లక్షల ఎకరాలు మొహావీ జాతీయ రక్షితప్రాంతమయింది. కెల్సో దిబ్బలు అందులోనే ఉన్నాయి. వాటి మీద ఇప్పుడు నడిచే వెళ్ళాలి.

రౌతుల పక్షాన న్యాయం లేదని నేను అనను. తరతరాలుగా తిరిగిన నేలకు హఠాత్తుగా కంచె వేస్తే ఎవరికైనా కష్టమే. సైన్యానికీ గనులకూ చోటున్న ఎడారిలో ఆదివారంనాటి బండివాడికే చోటు లేదా అని వారు అడిగినదానికి జవాబు చెప్పడం సులువు కాదు. ఎడారిని రక్షించాలన్న బుద్ధి కూడా దాన్ని దగ్గరగా చూచినవారికే ముందు పుడుతుంది. రోడ్డు మీదనుంచి చూచిపోయేవారికి అది వట్టి బయలు. అందుకే వాహనాలకని విడిచిన మైదానాలు, గుర్తువేసిన బాటలు కొన్ని మిగలడం మంచిదే అని నా అభిప్రాయం. అయితే ఆ గుర్తులను దాటి పక్కకు తిప్పే ప్రతి చక్రమూ తాను దారి విడిచానని మురిసిపోతూ కొత్త దారి ఒకటి వేస్తున్నది. వెనుక వచ్చేవాడు ఆ గీత చూసి అటే పోతాడు. పదిమంది పోతే అదే బాట. తెలుగులో బాట పడడం అని దీన్నే అంటాము. ఎడారిలో ఒకసారి బాట పడితే చెరపడం మన తరమూ కాదు, మన తరువాతి తరమూ కాదు.

కాలిఫోర్నియా, నెవాడా, ఆరిజోనా ప్రాంతాలలో నివసించే తెలుగు మిత్రులు ఈ చోట్లను చూచే ఉంటారు. అక్కడి ఇసుకలో బండి నడిపినవారుంటే తమ అనుభవం వ్యాఖ్యలలో వ్రాయవలసిందని కోరుతున్నాను. పనిలో పనిగా ‘ఆఫ్‌రోడ్’కు నింద ధ్వనించని తెలుగు మాట ఎవరికైనా తోస్తే అదీ చెప్పండి. నాకైతే ఇంతవరకూ తోచలేదు.