నల్లగొండ పద్ధతి
తాగునీటిలో ఫ్లోరైడ్‌ను పటికతో తగ్గించే విధానం. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్‌తో జనం పళ్లు గారపట్టి, ఎముకలు వంకర్లుపోయిన నల్లగొండ జిల్లా పేరే దీనికి స్థిరపడింది. నీటిలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి ముందు జోరుగా, తర్వాత నిదానంగా కలుపుతారు. పటిక వల్ల ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తునకలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతాయి. ఇంట్లోనైతే 40 లీటర్ల బకెట్ చాలు. కుళాయిని అడుగుకు కాస్త పైన బిగిస్తే మడ్డి రాదు. పటిక మోతాదు ఫ్లోరైడ్‌ను, క్షారత్వాన్ని బట్టి మారుతుంది. అసలు చిక్కు అదే, బోరుబోరుకూ లెక్క వేరు. పైగా నీటిలో అల్యూమినియం మిగిలిపోవచ్చు, మడ్డిని పారబోయడమూ తలనొప్పే. ఫ్లోరైడ్‌కు భారత ప్రమాణాల గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఇక 2016లో మొదలైన తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథ, బోరు నీటికి బదులుగా ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు కృష్ణా జలాలను శుద్ధిచేసి పైపుల్లో అందిస్తోంది.