పత్తి ఊళ్ళో ఫ్యాన్ల రొద

ఆదోనిలో కంప్యూటర్ రిపేరీ చేసేవానికి స్క్రూడ్రైవర్ కంటే ముందు బ్లోయర్ కావాల. 1871లో బొంబాయి, మద్రాసు రైలు దారులు రాయచూరు దగ్గర కలిసినప్పట్నుంచి ఇక్కడి పత్తి బేళ్ళకు రెండు రేవులూ అందుబాటులోకొచ్చినాయి. ఊరికి పత్తి కళ అట్లా పెరిగింది. ఆ దూది నూగే ఇప్పుడు కమీషన్ అంగళ్ళ సీపీయూల్లోకీ దూరుతుంది. సీజన్‌లో మూత విప్పితే హీట్ సింక్ రెక్కల మీద పలచని దుప్పటి పరిచినట్టుంటుంది.

నేను పని నేర్చుకునేనాటికి ఈ బాధ లేదు. 486 ప్రాసెసర్లలో చాలావాటికి ఫ్యానే ఉండేది కాదు, చిన్న అల్యూమినియం దిమ్మె చాలేది. 1993లో పెంటియం వచ్చినాక ఫ్యాన్ మామూలైపోయింది. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులు కంప్యూటర్లకు మారడం మొదలైంది, డీటీపీ అంగళ్ళూ పెరిగినాయి, దాంతో నా దగ్గరికొచ్చే కంప్యూటర్లూ పెరిగినాయి. అసలు రొద మాత్రం 2004లో ఇంటెల్ తెచ్చిన ప్రెస్కాట్ పెంటియం 4తో మొదలైంది. వాటిలో పెద్దవి 115 వాట్ల వేడి కక్కేవి. వేడెక్కే కొద్దీ ఫ్యాన్ వేగం పెరిగేది. నూగు పట్టిందంటే ఇంక చెప్పక్కర్లేదు.

మే నెలలో మా గదే 40 డిగ్రీలు. ఎంత ఖరీదైన గాలి కూలరైనా ప్రాసెసర్‌ను గది వేడి కన్నా కిందికి దించలేదు. 22 డిగ్రీల గదిలో 60 చూపించేది ఇక్కడ 78 దగ్గర ఉంటుంది. చలి దేశాల పరీక్షలు చదివి కొనేవాళ్ళకు ఈ కూడిక గుర్తుండదు.

దారి చూపింది హీట్ పైపు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ చేసి చూపించిన పరికరమిది. కంప్యూటర్లలో వాడే రాగి గొట్టంలో కాస్త నీళ్ళుంటాయి. అవి ప్రాసెసర్ దగ్గర ఆవిరై, రెక్కల దగ్గర చల్లబడి, మళ్ళీ నీళ్ళై వెనక్కొస్తాయి. 2009లో కూలర్ మాస్టర్ హైపర్ 212 ప్లస్ అలాంటి గొట్టాలు నాలుగు, 120 మి.మీ. ఫ్యాన్‌తో వచ్చింది. ఫ్యాన్ పెద్దదైతే నెమ్మదిగా తిరిగినా కావాల్సినంత గాలి తోలుతుంది. అదే ఫ్యాన్ వేగాన్ని సగం చేస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది.

ఈ సంగతి ఎమ్మిగనూరులో బాగా పనికొచ్చింది. నీలకంఠేశ్వరుని జాతర ముందు ఆటో మైకు ప్రకటనలు రికార్డు చేసే పిల్లోడొకడు, “అన్నా, మైకులో నా గొంతు కంటే నీ ఫ్యానే ఎక్కువ మోగుతాంది” అన్నాడు. రెక్కల మధ్య సందు ఎక్కువున్న టవర్ కూలర్ ఎంచినా. సన్న సందులు నూగుతో తొందరగా పూడిపోతాయి. ముందు క్యాబినెట్ వెడల్పు కొలిచినా. హైపర్ 212 ఎవో లాంటి టవర్ల ఎత్తు 159 మి.మీ., చవక డబ్బాల్లో పెడితే పక్క మూత పడదు.

జిన్నింగ్ మిల్లు ఆఫీసులకు మాత్రం ఇప్పటికీ కంపెనీ ఇచ్చే చిన్న ఫ్యానే ఉంచుతా. విప్పి ఊదడం తేలిక. ఆ యంత్రాల మోతలో దాని రొద ఎవరికి వినబడుతుంది?