పగడాల ఇంటి పనిమనిషి

గాజుతొట్లో పగడాల పెంపకం ఈనాటి షోకనుకుంటాం కదూ? 1846లోనే ఆనా థిన్ అనే ఇల్లాలు ఇంగ్లండులో టార్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని స్పాంజికి సూదీదారంతో కుట్టి, ఉప్పునీళ్ల జాడీలో లండనుకి తెచ్చుకుంది. నీళ్లకి గాలి తగలకపోతే అవి బతకవు. అందుకని ఆవిడ పనిమనిషి రోజూ కిటికీ దగ్గర నిలబడి అరగంటా ముప్పావుగంటా ఆ నీళ్లు తిరగబోసేది. పగడాలు బతికాయి. ఆనా పేరు చరిత్రకెక్కింది. చేతులు నొప్పెట్టినావిడ పనిమనిషిగానే మిగిలింది.

వెచ్చని సముద్రాల్లో ఈ చాకిరీ ట్రపీజియా పీతలది. పగడపు కొమ్మల్లోనే కాపురముంటూ, మీదపడ్డ ఇసుకని ఊడ్చేస్తాయి. మూరియా దీవి దగ్గర శాస్త్రజ్ఞులు వాటిని తీసేసి చూస్తే, నెల తిరక్కుండానే చాలా పగడాలు చచ్చిపోయాయట! ఆ సంగతి 2006లో ప్రకటించారు.

పగడంతో పాటు మీ తొట్లోకి చిన్నపీత వస్తే వెంటనే పారెయ్యకండి. అది ఏ రకమో ముందు చూడండి. ఆ ఇల్లు నిలబెడుతున్నది అదేనేమో!