విద్యుత్ బిల్లు మోసాలు

విద్యుత్ సంస్థ ఉద్యోగినని నమ్మించి, బిల్లు బకాయి ఉన్నదని భయపెట్టి, వినియోగదారుని బ్యాంకు ఖాతాలోని సొమ్మును కాజేయడాన్ని విద్యుత్ బిల్లు మోసం అంటారు. ఇటువంటి సందేశాలు 2022లో దేశమంతటా విస్తృతంగా వ్యాపించాయి. నౌపడ ఉన్న శ్రీకాకుళం జిల్లాతో సహా ఉత్తరాంధ్రకు విద్యుత్ సరఫరా చేసేది విశాఖపట్నం కేంద్రంగా గల ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ (ఈపీడీసీఎల్).

మోసం జరిగే తీరు

పోయిన నెల బిల్లు నమోదు కాలేదనీ, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు సరఫరా నిలిపివేస్తామనీ, వెంటనే ఫలానా అధికారికి ఫోన్ చేయమనీ ఒక సందేశం వస్తుంది. ఆ నంబరు సాధారణమైన పది అంకెల మొబైల్ నంబరు. ఫోన్ చేసినవారిని కసరరు, పెద్ద మొత్తం అడగరు. నమోదు కోసం పది రూపాయలు కడితే చాలునంటారు. అందుకు ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి యాప్ వేసుకోమంటారు. ఇవి దూరంగా ఉన్నవారికి మన ఫోన్ తెరను చూపే యాప్‌లు. ఆ పది రూపాయలు చెల్లించేటప్పుడు కార్డు వివరాలు, ఓటీపీ అవతలివారికి కనబడతాయి. కొందరు వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపుతారు. దానిని తెరచి స్థాపిస్తే ఫోనుకు వచ్చే సందేశాలు వారికి చేరిపోతాయి.

నౌపడ, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల నుండి ఉపాధికై వలస వెళ్ళినవారు చాలామంది ఉన్నారు. ఇంట్లో వృద్ధులు ఉండి, బిల్లు మరెక్కడో ఉన్న కొడుకో కూతురో కడుతున్నపుడు, బిల్లు అందలేదన్న మాట నిజమో కాదో ఇంట్లోవారికి వెంటనే తెలియదు. మోసగానికి కావలసినది ఆ కొద్దిపాటి సందేహమే. కట్టిన వెంటనే రసీదును ఇంటికి పంపే అలవాటు ఉంటే ఆ సందేహానికి తావుండదు.

2024 జులైలో భారతీయ రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు బిల్లుల చెల్లింపులు భారత్ బిల్‌పే వ్యవస్థకు మారవలసి వచ్చింది. రాష్ట్ర విద్యుత్ సంస్థలు అప్పటికి అందులో చేరనందున, ఫోన్‌పే, గూగుల్ పే వంటి యాప్‌లలో చెల్లింపు కొంతకాలం ఆగింది. ఎక్కడ కట్టాలో తెలియని ఇటువంటి రోజులలో నకిలీ లింకులను నమ్మే ప్రమాదం మరింత ఎక్కువ.

సరఫరా నిలుపుదల నిబంధన

బెదిరింపు అబద్ధమని తేల్చే ఆధారం చట్టంలోనే ఉన్నది. విద్యుత్ చట్టం, 2003లోని 56వ సెక్షను ప్రకారం బకాయికై సరఫరా నిలపాలంటే కనీసం పదిహేను పూర్తి దినాల వ్రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మీటరు రీడరు ఇచ్చే బిల్లుపై చెల్లింపు గడువుతో పాటు సరఫరా నిలిపే తేదీ కూడా ముద్రించి ఉంటుంది. కనుక సందేశం రాగానే చూడవలసినది ఆ కాగితాన్ని, సందేశంలోని నంబరును కాదు. స్మార్ట్ మీటర్లకు దూరం నుండే సరఫరా నిలిపే వీలున్నది. అయినా నెలవారీ బిల్లు వచ్చే కనెక్షన్లకు నోటీసు నిబంధన వర్తిస్తుంది.

సరిచూసుకొనుటకు

సందేహం కలిగితే విద్యుత్ సహాయ కేంద్రం నంబరు 1912కు ఫోన్ చేయవచ్చును, లేదా సమీప విద్యుత్ కార్యాలయంలో అడగవచ్చును. ఈపీడీసీఎల్ యాప్‌లో సర్వీసు నంబరు ఇస్తే బకాయి తెలుస్తుంది. వాట్సాప్‌లో వచ్చినదంతా నకిలీ అనుకోవడమూ సరికాదు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ప్రారంభించిన మన మిత్ర సేవలో విద్యుత్ బిల్లు చెల్లించవచ్చును. సహాయ కేంద్రం నంబరు కోసం అంతర్జాలంలో వెదకడం మాత్రం ప్రమాదకరం, అక్కడ మోసగాళ్ళు పెట్టిన నంబర్లూ ఉంటాయి.

సొమ్ము పోయినపుడు

మొదట ఫోనులో ఇంటర్నెట్ ఆపి, మరొక ఫోను నుండి 1930కీ, బ్యాంకుకూ తెలపాలి. ఫిర్యాదు త్వరగా అందితే, సొమ్ము చేరిన ఖాతాలో దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వులో, ఖాతాదారు అజాగ్రత్త వలన జరిగిన నష్టం బ్యాంకుకు తెలిపేవరకు ఖాతాదారుదేననీ, తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుదనీ నిర్దేశించింది. అందుచేత సిగ్గుపడి ఒక రాత్రి దాచిపెట్టినా నష్టమే. ఫిర్యాదు ఏ పోలీసు స్టేషనులోనైనా ఇవ్వవచ్చును. నౌపడ వాసి విశాఖపట్నంలో ఉండగా మోసపోతే అక్కడే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చును. ఇతరుల వలె నటించి కంప్యూటరు లేదా ఫోను ద్వారా మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66డి సెక్షను క్రింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నవి.