మెష్ సొరంగాలు

రేడియో అందని దూరంలో ఉన్న రెండు సామాజిక మెష్ నెట్‌వర్కులను ఇంటర్నెట్ మీదుగా కలిపే ఏర్పాటే మెష్ సొరంగం. మెష్‌లో ప్రతి నోడూ పక్క నోడు ప్యాకెట్లను ముందుకు అందిస్తుంది. కానీ వైఫై తరంగాలకు యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడాలి. సనత్‌నగర్ డాబాకూ పంజాగుట్ట డాబాకూ మధ్య నాలుగు అపార్ట్‌మెంట్లు లేస్తే లంకె తెగినట్టే. అప్పుడు ఒక నోడు తన ప్యాకెట్‌ను మరో ప్యాకెట్‌లో చుట్టి, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ గుండా అవతలికి పంపుతుంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నెట్‌వర్కింగ్ నేర్చుకున్నవారికి ఇది జీఆర్‌ఈ అనే సొరంగ పద్ధతి ల్యాబ్‌గా పరిచయమే.

ఈ దారిలో ముందు నడిచినవారిలో హామ్ (అమెచ్యూర్) రేడియో వాళ్లున్నారు. 1981లో హాంక్ మాగ్నుస్కీ కృషితో 44తో మొదలయ్యే సుమారు 1.68 కోట్ల ఐపీ చిరునామాలు వారికి దక్కాయి. ఊరికొకటిగా విడిపోయి ఉన్న ప్యాకెట్ రేడియో గుంపులను శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గేట్‌వే ద్వారా, ఐపీలో ఐపీని చుట్టే సొరంగాలతో కలిపారు. 2019లో ఆ చిరునామాల్లో నాలుగో వంతు అమెజాన్‌కు అమ్ముడుపోయింది. బెర్లిన్‌లో 2002లో మొదలైన ఫ్రైఫుంక్ అనే సామాజిక మెష్‌కు సొరంగం మరో పనికీ వచ్చింది. వైఫై వాడినవారి తప్పును దాని యజమానికి అంటగట్టే అప్పటి జర్మన్ చట్టాన్ని తప్పించుకోవడానికి ట్రాఫిక్‌ను సొరంగంలో విదేశాలకు తరలించేవారు. హామ్‌ల ఏఆర్‌ఈడీఎన్ మెష్ తొలుత వీటన్ అనే సొరంగ సాఫ్ట్‌వేర్‌ను వాడింది, తర్వాత వైర్‌గార్డ్‌ను తెచ్చుకుంది.

సొరంగానికి ఖర్చుంది. 1500 బైట్ల ప్యాకెట్‌లో వైర్‌గార్డ్ చుట్టు 60 నుంచి 80 బైట్లు తినేస్తుంది. అంతకన్నా చిక్కు దారి ఎంపికది. ఓఎల్‌ఎస్‌ఆర్ వంటి రూటింగ్ పద్ధతి ప్యాకెట్లు పోని లంకెను మెచ్చుకుంటుంది. తీగ మీది సొరంగంలో నష్టం దాదాపు సున్నా కాబట్టి, పక్కనే రేడియో దారి ఉన్నా ట్రాఫిక్ సొరంగంలోకి దూరుతుంది. ఇంటర్నెట్ పోయినప్పుడు నిలబడాల్సిన మెష్ ఇలా ఇంటర్నెట్‌నే నమ్ముకుంటే, నా లెక్కలో అది మెష్ కాదు.

రేడియో ఒంటరిగా ఏం చేయగలదో సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు బాగా తెలుసు. 1983లో పుట్టిన ఈ సంస్థ తరఫున 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం, 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయాక, పోర్ట్‌బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ సంకేతంతో కబుర్లు అందించింది. గోదావరి డెల్టాలో బైర్రాజు ఫౌండేషన్ అశ్విని ప్రాజెక్టు మెష్ కాదు గానీ, భీమవరం కేంద్రంగా పల్లెలను దూరపు వైఫై లంకెలతో కలిపింది. అక్కడి చదును నేల మీద టవర్ ఎత్తు చాలితే చూపు ఆగదు. నగరంలో ఆ వీలు లేదు.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి 2005లో, ఆరుబయట 5 గిగాహెర్ట్జ్ పట్టీలకు 2018 అక్టోబరులో, నిర్ణీత శక్తి పరిమితికి లోబడి లైసెన్సు తీసేశారు. డాబా మీద నోడు పెట్టేవారు ముందు ఎదుటి డాబా కనబడుతుందేమో చూడండి. కనబడకపోతేనే సొరంగం.